మైనం ట్రే, గడ్డి చామంతి

సముద్రాన్ని మేం మొదటిసారి చూసింది హిందూపురంలో, గాజు సీసాల్లో. తూర్పుకు పోయినా పడమరకు పోయినా అక్కడి నుంచి తీరం దాదాపు మూడు వందల కిలోమీటర్లు. ఏడాది పొడుగునా కలిపి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే కరువు జిల్లా మాది, అనంతపురం. అలాంటి ఊళ్లో, జువాలజీ ల్యాబ్ గోడకు ఆనించిన అద్దాల బీరువాలో, ఫార్మాలిన్‌లో మునిగి నక్షత్ర చేప ఉండేది. సముద్రపు గుర్రం ఉండేది. మూరెడు పొడుగు సొరచేప పిల్ల ఉండేది, దాని సీసా మీద స్కోలియోడాన్ అని సిరాతో రాసిన చీటీ. ఏళ్ల తరబడి మందులో నాని అన్నీ ఒకే పాలిపోయిన రంగుకు వచ్చాయి. సముద్రపు గుర్రాల్లో పిల్లల్ని మోసేది మగది అని మాస్టారు చెప్పినప్పుడు, ఆడపిల్లలు కూర్చున్న బెంచీల వైపు నుంచి ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. చెరువు తప్ప పెద్ద నీళ్లు ఎరగని పిల్లలం అందరం బీరువా దగ్గరికి పోయి దాని పొట్ట కింది సంచిని వెతికాం.

ఇప్పుడు ఆ బీరువాలు లేవు. కొన్ని కాలేజీల్లో ఆ గదే లేదు. బైపీసీ చదివే పిల్లలు మాత్రం మా రోజులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

నేను ఇంటర్ చదివింది 1980ల మొదట్లో. పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చి అప్పటికి పదేళ్లు దాటింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలు మా చేతుల్లో ఉండేవి. పెనుకొండ నుంచి, ధర్మవరం నుంచి, మధ్య స్టేషన్ల నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చే పిల్లలు చాలామంది. బండి ఆలస్యమైతే మొదటి పీరియడ్ పాఠం పోయేది, ప్రాక్టికల్ మాత్రం పోయేది కాదు. అది మధ్యాహ్నం, రెండు పీరియడ్లు కలిపి. సంగటి తిని వచ్చిన కళ్లకు నిద్ర ముంచుకొచ్చే వేళే అయినా, ల్యాబ్‌లో నిద్రపోయినవాడు నాకు గుర్తు లేడు.

గది వెడల్పుగా, ఎత్తు కప్పుతో ఉండేది. బల్లలన్నీ కిటికీల పక్కనే వేసేవాళ్లు, ఎందుకంటే మా మైక్రోస్కోపులకు బల్బు లేదు. అడుగున ఒక చిన్న గుండ్రటి అద్దం, దానికి ఒకవైపు సమతలం, ఒకవైపు పుటాకారం. దాన్ని వేలితో తిప్పి తిప్పి కిటికీలోంచి వచ్చే వెలుగును పట్టి, పైనున్న గాజుపలకలోకి పంపాలి. వెలుగు దొరికిన క్షణంలో కంటికి తెల్లటి గుండ్రటి మైదానం కనబడేది. చాలా మైక్రోస్కోపుల ఇత్తడి పలక మీద అంబాలా అని ఉండేది. పంజాబ్ దిక్కున ఉన్న ఆ ఊరి పేరు మాకు భూగోళం పాఠంలో కాక అక్కడ తెలిసింది. దేశంలో కాలేజీ ల్యాబులకు కావలసిన సామాను సగం ఆ ఊళ్లోనే తయారవుతుందని మాస్టారు చెప్పేవారు. మబ్బు పట్టిన రోజు మైక్రోస్కోపు పని ఉండదు. మా వైపు మబ్బు పట్టిన రోజులు తక్కువే గనక చదువుకు పెద్ద ఆటంకం రాలేదు.

బోటనీ ప్రాక్టికల్ అంటే ముందు కోత. గడ్డి చామంతి కాండం తెమ్మనేవారు. ట్రైడాక్స్ ప్రోకంబెన్స్ అని దాని శాస్త్రీయ నామం, కాలేజీ ప్రహరీ వెంబడి, రైలు కట్ట పక్కన, ఎక్కడ చూసినా అదే. పసుపు మొగ్గకు అంచున తెల్లటి రేకులు. చిన్నప్పుడు దెబ్బ తగిలితే దాని ఆకు నలిపి పసరు పిండిన మొక్కే, ఇప్పుడు బ్లేడు కిందికి వచ్చింది. బంగాళాదుంప ముక్కను చీల్చి మధ్యలో కాండం ఇరికించి, బ్లేడును నీళ్లలో తడిపి, తన వైపుకు ఒకే ఊపులో లాగాలి. ఆగి ఆగి కోస్తే ముక్క మెట్లు మెట్లుగా వస్తుంది. కోసినవన్నీ వాచ్ గ్లాసు నీళ్లలో వేస్తే తేలతాయి. అందులో పలుచనిది, గాజులాగా కనిపించీ కనిపించనిది, కుంచెతో ఎత్తి సాఫ్రనిన్ రంగులో వేయాలి. తరువాత కడిగి, స్లైడు మీద గ్లిజరిన్ చుక్కలో పెట్టి, కవర్ స్లిప్పును సూది ఆసరాతో ఒకవైపు నుంచి మెల్లగా దింపాలి. తొందరపడితే గాలిబుడగ చిక్కుతుంది. నల్లటి అంచుతో గుండ్రంగా కనిపించే ఆ బుడగను గీసి, పక్కన కణం అని రాసిన రికార్డులు ప్రతి ఏడూ ఒకటి రెండు ఉండేవని మాస్టారు చెప్పేవారు.

మా బ్యాచిలో ధర్మవరం నుంచి వచ్చే ఒక అబ్బాయి ఉండేవాడు. నేతపని ఇల్లు. నాయన గుంట మగ్గం మీద, అమ్మ పడుగు దగ్గర. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగు కొసను వేళ్ల మధ్య నులిమి అతికే పని, వేల పోగులకు చెయ్యాలి, వాడు చిన్నప్పటి నుంచి చేస్తూ వచ్చాడు. వాడి బ్లేడు కాండం మీద నొక్కినట్టే ఉండేది కాదు. మేం పదిసార్లు కోసి ఒకటి ఏరుకునే చోట వాడు కోసిన ప్రతిదీ పనికొచ్చేది. మాస్టారు వాడి స్లైడు బిగించిన మైక్రోస్కోపు దగ్గరికి అందరినీ వరుసలో పిలిచేవారు. కన్ను ఆనిస్తే, బయట ఒకే వరుస బాహ్యచర్మం, దాని మీద బహుకణ కేశాలు, లోపల వలయంగా అమరిన నాళికాపుంజాలు, వాటిలో లిగ్నిన్ పట్టిన దారుకణాలు రంగు పీల్చుకుని ఎర్రగా, మధ్యలో పెద్ద పెద్ద కణాలతో దవ్వ. తెలుగు అకాడమీ పుస్తకంలో గీతల్లో ఉన్న బొమ్మ అక్కడ రంగుల్లో ఉంది. రోజూ తొక్కుకుంటూ నడిచే మొక్కలో అంత కట్టుదిట్టమైన పనితనం ఉందని తెలిసిన తరువాత ఆ దారిలో మా నడక కూడా మారింది. ఇది అతిశయోక్తి అనుకునేవాళ్లు ఒక్కసారి ఆ కోత కోసి చూడాలి.

గన్నేరు ఆకు అడ్డుకోత నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తు. మా ఊళ్లలో గన్నేరు లేని ఇల్లు తక్కువ. గుడికి పువ్వు, గొడ్లు ముట్టవు, నీళ్లు పొయ్యకున్నా చావదు. ఎందుకు చావదో మైక్రోస్కోపు చూపించింది. ఆకు పైన మందమైన అవభాసిని, దాని కింద ఒకటి కాదు, రెండు మూడు పొరల బాహ్యచర్మం. అడుగుభాగాన అక్కడక్కడా లోపలికి దిగిన గుంతలు. ఆ గుంతల నిండా సన్నటి కేశాలు, పత్రరంధ్రాలు ఆ గుంతల లోపల దాక్కుని ఉన్నాయి. మా వైపు ఎండాకాలం వీచే వడగాలి వాటిని నేరుగా తాకదు, ఆవిరై పోవలసిన తేమ కేశాల మధ్య నిలిచిపోతుంది. ఎడారి మొక్కల లక్షణాలు అని పుస్తకం పట్టీ ఇచ్చింది. వాన కోసం ఆకాశం చూసే రైతుల పిల్లలకు ఆ పట్టీ పాఠం మాత్రమే కాదు. పెద్దవాళ్లు ఇంట్లో ఏళ్లుగా మాట్లాడుకునే విషయమే అక్కడ కణాల్లో కనిపించింది.

దానికి సరిగ్గా అటువైపు హైడ్రిల్లా. చెరువులో నీళ్లుంటే దొరికేది. ధర్మవరం చెరువు నిండిన ఏడు సంచి నిండా తెచ్చేవాళ్లు, ఎండిన ఏడు ఆ ప్రయోగం బోర్డు మీద బొమ్మతో సరి. బీకరులో కొమ్మలు పెట్టి, పైన గరాటు బోర్లించి, దాని కాడ మీద నీళ్లు నింపిన పరీక్షనాళిక నిలిపి ఎండలో పెడితే, కోసిన కొసల నుంచి బుడగలు వరుసగా లేచేవి. నీళ్లలో చిటికెడు సోడియం బైకార్బనేట్ వేస్తే వేగం పెరిగేది. నీడలోకి జరిపితే తగ్గేది. ఒకడు గడియారం చూస్తే ఇంకొకడు బుడగలు లెక్కపెట్టేవాడు. ఎండకు కొదవ లేని ఊళ్లో ఎండ చేసే పనిని లెక్కగట్టడం అదే మొదలు.

హెర్బేరియం కోసం పెనుకొండ కొండ ఎక్కేవాళ్లం. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిని తెచ్చుకున్న కొండ. కింద గగన్ మహల్, బాబయ్య దర్గా, పైన కూలిన బురుజులు. మాస్టారికి ఆ రోజు బురుజులు పట్టేవి కావు. "చరిత్ర సారుతో ఇంకోసారి రాండప్పా, ఇవాళ కిందికి చూడండి" అనేవారు. తంగేడు, వెంపలి, ఉమ్మెత్త, ఉత్తరేణి, బండల సందుల్లో సీతాఫలం. వేరుతో సహా పెకలించి, మట్టి దులిపి, పాత పేపర్ల మధ్య పరిచి, పైన బరువు పెట్టి, పేపర్లు రోజూ మార్చాలి. మార్చకపోతే బూజు. ఎండిన తరువాత అట్ట మీద అతికించి కింద కుడిమూలన రాయాలి: శాస్త్రీయ నామం, కుటుంబం, తెలుగు పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారు. సేకరించినవారు అన్న చోట మా పేరు రాసుకున్నప్పుడు కలిగిన గర్వం తరువాత ఏ సర్టిఫికెట్టు మీదా కలగలేదు.

ఆ చీటీకి ఉన్న విలువ చాలా తరువాత తెలిసింది. అనంతపురంలో 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడి వృక్షశాస్త్ర ఆచార్యులు టి. పుల్లయ్య, ఎన్. యశోదతో కలిసి జిల్లా మొక్కలన్నిటినీ నమోదు చేసి 1989లో ఫ్లోరా ఆఫ్ అనంతపూర్ డిస్ట్రిక్ట్ అనే పుస్తకం తెచ్చారు. అంతకుముందు మా నేల మొక్కల కోసం గ్యాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరానే తిరగేయాలి. అది 1915లో మొదలై 1936 దాకా భాగాలుగా వచ్చిన గ్రంథం. బంజరు అని అందరూ అనేసిన జిల్లాకు తన మొక్కల పుస్తకం తనకు రావడం చిన్న సంగతి కాదు. పత్రికల్లో దాని గురించి రావలసినంత రాలేదని నా బాధ.

జువాలజీ వైపు వస్తే, మాకు నేర్పిన వరుస అమీబా, పారమీషియం, హైడ్రా, వానపాము, బొద్దింక, చివరికి కప్ప. ఈ వరుస ఎక్కడ పుట్టిందో అప్పట్లో ఎవరూ చెప్పలేదు. లండన్‌లో 1870ల మొదట్లో థామస్ హెన్రీ హక్స్‌లీ బడిపంతుళ్లకు ఒక కొత్త రకం తరగతి పెట్టాడు. పుస్తకం వల్లె వేయించడం మాని ప్రతివాడి ముందూ ఒక మైక్రోస్కోపు, ఒక జీవి పెట్టాడు. అన్ని జీవుల్నీ చూడలేం గనక ఒక్కో వర్గానికి ఒక్కో ప్రతినిధిని ఎంచాడు. ఈస్టు, అమీబా, బూజు, ఫెర్న్, చిక్కుడు మొక్క, హైడ్రా, మంచినీటి ఆల్చిప్ప, క్రేఫిష్, కప్ప. మార్టిన్ అనే సహరచయితతో కలిసి 1875లో దాన్ని పుస్తకంగా వేశాడు. ఆ పద్ధతే ఇంగ్లండు నుంచి మన విశ్వవిద్యాలయాలకు, అక్కడి నుంచి జూనియర్ కాలేజీలకు దిగింది. మన దగ్గర కొన్ని ప్రతినిధులు మారాయి. క్రేఫిష్ బదులు రొయ్య, బొద్దింక వచ్చాయి. వానపాముకు ఫెరెటిమా వచ్చింది, దాని మీద లక్నోలో కె.ఎన్. బాల్ 1926లో రాసిన చిన్న గ్రంథం దేశమంతటా ల్యాబులకు ఆధారమైంది. నూరేళ్ల కిందట లండన్‌లో కూర్చిన వరుసలోంచి హిందూపురం పిల్లలు ఒక్కొక్క జీవినీ చూసుకుంటూ వచ్చారు.

పారమీషియం కోసం మాస్టారు పుస్తకంలో ఉన్న ఎండుగడ్డి బదులు మా వైపు దొరికే రాగిగడ్డిని ఉడకబెట్టి, ఆ కషాయంలో కుంట నీళ్లు కలిపి, మూత లేని జాడీలో వదిలేసేవారు. కొద్ది రోజులకు పైన తెట్టు కట్టేది, వాసన వచ్చేది. ఆ తెట్టు కింది చుక్కను స్లైడు మీద వేస్తే చెప్పు ఆకారంలో ఉన్న జీవులు మైదానం అంతా పరుగెత్తేవి. దూదిపోగులు వేసి దారి అడ్డితే నెమ్మదించేవి. మొదటిసారి చూసినప్పుడు పక్క బెంచీ అమ్మాయి కన్ను తీయకుండా "అన్నీ బతికే ఉన్నాయి" అంది. అంతవరకు సీసాల్లో చచ్చినవాటినే చూసి ఉన్నాం.

కప్పల సంగతి చెప్పాలంటే అటెండరన్న గురించి చెప్పాలి. ల్యాబ్ తాళాలు ఆయన దగ్గరే. చదివింది ఎంతో తెలియదు, కానీ ఏ సీసాలో ఏముందో, ఏ రంగు ఎన్ని చుక్కలో మాస్టారి కంటే ముందు చెప్పేవాడు. ఆగస్టు దాటి వానలు పడగానే సాయంత్రం టార్చి, గోనెసంచి పట్టుకుని చెరువు గట్టుకు పోయేవాడు. పెద్ద గొంతుతో అరిచేవి పసుపుపచ్చ మగకప్పలు. ఆయన అరుపు విని చీకట్లోనే రకం చెప్పేవాడు. కాళ్ల మీద మెత్తగా ఉన్నది, మధ్యరకం, అలాంటివే తెచ్చేవాడు. సిమెంటు తొట్టిలో తడిగోనె కింద ఉంచి, రోజూ నీళ్లు మార్చేవాడు. వాన పడని ఏడు ఆయన ముఖం చిన్నబోయేది. "కప్ప లేదు సామీ, చెరువే లేదు" అనేవాడు. ఆ ఏడు పిల్లలు బొద్దింకతో సరిపెట్టుకునేవారు.

డిసెక్షన్ రోజు గదిలో క్లోరోఫాం తీపి వాసన. మైనం పోసిన ట్రేలో కప్పను వెల్లకిలా పరిచి నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చాలి. సూదులు బయటికి వాలి ఉండాలి, లేకపోతే కత్తెర తిరగదు. పొట్ట మీద చర్మాన్ని పటకారుతో ఎత్తి కోస్తే అది కండరాల నుంచి సులువుగా విడిపోతుంది, ఎందుకంటే కప్ప చర్మం కింద శోషరసం నిండిన ఖాళీలు ఉంటాయి. దాని కింద తెల్లటి కండరాల గోడ, నడిమధ్యన నిలువునా నీలంగా ఒక సిర. దాన్ని తెంపితే ట్రే అంతా ఎర్రబారుతుంది, ఇంక ఏదీ కనబడదు. అందుకే దానికి పక్కగా కోయాలి. లోపల గోధుమ ఎరుపు కాలేయం, దాని తమ్మెల మధ్య ఆకుపచ్చ పిత్తాశయం, వంపు తిరిగిన జీర్ణాశయం, వానాకాలపు ఆడకప్ప అయితే నలుపు తెలుపు గుడ్లతో కిక్కిరిసిన అండాశయాలు. ధమనుల కింద సన్నటి నల్లకాగితం ముక్కలు జొనిపితే తెల్లటి నాళాలు విడివిడిగా తేలేవి.

భుజాల ఎముకను కత్తిరించి తెరిస్తే గుండె. కప్పకు స్పృహ లేదు, కదలిక లేదు. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. మాస్టారు దాన్ని జాగ్రత్తగా కోసి తీసి, 0.7 శాతం ఉప్పునీళ్లు పోసిన వాచ్ గ్లాసులో వేశారు. దేహం లేకుండా, నరం లేకుండా, ఆ చిన్న ఎర్రటి ముద్ద నీళ్లలో కొట్టుకుంది. ముందు వెనకవైపున్న సిరాసరణి ముడుచుకుంటుంది, తరువాత రెండు కర్ణికలు, ఆ తరువాత ఒకే ఒక్క జఠరిక. ప్రతిసారీ అదే వరుస. కొట్టుకోమని మెదడు చెప్పనవసరం లేదు, ఆ ఆజ్ఞ గుండె కండరంలోనే పుడుతుంది అని మాస్టారు చెబుతుంటే గదిలో చప్పుడు లేదు. అది ఆగేదాకా ఎవరూ కదలలేదు. డాక్టర్లయినవాళ్లు, కానివాళ్లు, మా బ్యాచి ఎక్కడ కలిసినా మాట్లాడుకునేది ఆ మధ్యాహ్నం గురించే.

అయినా కప్పల డిసెక్షన్ పోవడం మంచిదే అని నా గట్టి అభిప్రాయం. దేశంలో వేలాది కాలేజీలు, ఒక్కోదాంట్లో పిల్లవాడికొక కప్ప. ఆ పైన కప్పకాళ్ల ఎగుమతి. యూరపు, అమెరికా హోటళ్లకు మన చెరువుల నుంచి టన్నుల కొద్దీ పోయేవి. కప్ప పొట్ట కోసి చూసినవాళ్లం మాకు తెలుసు, లోపల ఉండేది మిడతలు, కీచురాళ్లు, చేల పురుగులు. కప్పలు పోయిన చోట పురుగుమందు సీసాలు వచ్చాయి. 1987లో కేంద్రం ఎగుమతి నిషేధించింది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2011లో డిసెక్షన్లు తగ్గించమని మార్గదర్శకాలు ఇచ్చి, 2014లో జువాలజీ కోర్సుల్లో పూర్తిగా ఆపేయమంది. ఆ గుండెను ఒక్క మాస్టారు ఒక్కసారి చూపిస్తే చాలేది, ప్రతి బెంచీ మీదా ఒక ప్రాణం పోవలసిన పని లేదు. ఇది అప్పుడే అనుకున్న పిల్లలు ఉన్నారు. ఒకమ్మాయి కత్తెర పట్టనని చెప్పి, బొమ్మ మాత్రం అందరికంటే బాగా గీసేది.

పట్టుపురుగు దగ్గర మాత్రం మేమే మాస్టార్లం. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు దేశంలో పేరున్నది. ఆ గూళ్ల దారం ధర్మవరం మగ్గాలెక్కి చీర అవుతుంది. పుస్తకంలో బాంబిక్స్ మోరి జీవితచక్రం రెండు పేజీలు. మా తరగతిలో సగం మంది ఇళ్లల్లో తట్టల్లో అది నడుస్తూ ఉండేది. గుడ్డు నుంచి వచ్చిన వెంట్రుకంత పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి, నెల తిరగక ముందే బరువు దాదాపు పదివేల రెట్లు పెరుగుతుంది. కుబుసం ముందు తిండి మాని తల ఎత్తి కదలకుండా ఉంటుంది, దాన్ని మా ఇళ్లల్లో జ్వరం అంటారు. "నాలుగో జ్వరం లేచినాయి, రేపు ఆకు ఎక్కువ కావాల" అని రాత్రి రెండింటికి లేపే నాయనలున్న పిల్లలకు ఆ పాఠం చెప్పడం మాస్టారికి కష్టమే. ఆయన తెలివైనవాడు, పాఠం వాళ్లతోనే చెప్పించేవారు. పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ వచ్చిన తరువాత మా జూనియర్లను అక్కడికి తీసుకుపోయి రకరకాల పురుగుల జాతులు చూపించేవారట. పుస్తకానికీ ఇంటికీ మధ్య ఆ మాత్రం దూరం ఉన్న పాఠం ఇంకొకటి నేను చదవలేదు.

రికార్డు గురించి ఒక మాట. ఎడమవైపు తెల్ల కాగితం, కుడివైపు గీతలు. బొమ్మ హెచ్.బి. పెన్సిల్‌తోనే, నీడలు వేయకూడదు, చుక్కలు పెట్టవచ్చు. భాగాల పేర్లన్నీ కుడివైపు, గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. ప్రతి పేజీ కింద మాస్టారి ఎర్ర సంతకం. ప్రాక్టికల్ పరీక్ష రెండో ఏడు చివర, బోటనీకి 30, జువాలజీకి 30 మార్కులు. బయటి ఊరి నుంచి ఎగ్జామినర్ వచ్చేవారు. బల్లల మీద గుర్తుపట్టవలసిన స్పాటర్లు, గంట కొట్టగానే పక్క బల్లకు జరగాలి. తేలు ముందు నిలబడి సాలీడు అని రాసినవాళ్లు బయటికి వచ్చి చెట్టు కింద ఏడ్చేవాళ్లు. వైవాలో నన్ను అడిగింది వేరుశనగ గురించి. కాయ భూమిలో ఉంది గదా, అది వేరా అని. కాదు సార్, పువ్వు పైనే పూసి, ఫలదీకరణం అయ్యాక అండాశయం కింద ఊడ పెరిగి నేలలోకి దిగి కాయ కడుతుంది అని చెప్పాను. మా చేలో చూసిందే. ఆయన అనంతపురం వైపువాడేమో, తల ఆడించి పంపారు.

1986లో ఎంసెట్ వచ్చింది. మొదట్లో ల్యాబుకు వచ్చిన ముప్పు ఏమీ కనబడలేదు. మెల్లగా ప్రాక్టికల్ పీరియడ్లు బిట్ల పీరియడ్లు అయ్యాయి. ఆ తరువాత నగరాల కార్పొరేట్ కాలేజీల పద్ధతి చిన్న ఊళ్లకు వచ్చింది, ఆ పైన నీట్. పరీక్ష అడగనిది నేర్పడానికి ఎవరికీ తీరిక లేదు. బజారులో బొమ్మలు వేసి రాసిన రికార్డులే అమ్మకానికి వచ్చాయి. నిషేధం వచ్చింది కప్పకు. గడ్డి చామంతి కాండానికి, గన్నేరు ఆకుకు, హైడ్రిల్లాకు, రాగిగడ్డి కషాయానికి ఎవరూ ఏ నిషేధమూ పెట్టలేదు. అయినా అవన్నీ కప్పతో పాటే పోయాయి. నాకు కోపం అక్కడే. కంప్యూటరు తెర మీద కప్పను ఎన్నిసార్లయినా కోయవచ్చు, మళ్లీ కుట్టేయవచ్చు, మంచిదే. బ్లేడుకు ఎంత తేమ కావాలో తెర చెప్పలేదు.

మేం మొక్కలు ఏరిన చోట్లు కూడా మారాయి. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర, హైవే పక్కన వెంపలి, తంగేడు దుబ్బులుండే ఎర్రనేలల్లో 2017లో కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం అయింది, 2019 నుంచి కార్లు వస్తున్నాయి. మా పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, ఆ ఫ్యాక్టరీ రావద్దని నేను ఎందుకంటాను. కానీ సేకరించిన చోటు: ఎర్రమంచి, అని చీటీ మీద నేను రాసిన షీట్లు ఎక్కడైనా మిగిలి ఉంటే బాగుండునని ఉంటుంది. ఆ నేల అంతకుముందు ఏమిటో చెప్పే కాగితాలు అవి. 2022లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి, కాబట్టి చీటీ మీద జిల్లా పేరు కూడా పాతదే.

మొన్న వేసవిలో మా అన్న మనవరాలు నీట్ చదువుకు సెలవిచ్చి ఇంటికి వచ్చింది. గుంతల్లో దాగిన పత్రరంధ్రాలు అనగానే గన్నేరు అని టక్కున చెప్పింది. చూశావా అంటే లేదంది. పెరట్లో గన్నేరు ఉంది. బ్లేడు, బంగాళాదుంప తెచ్చుకున్నాం. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన మడతపెట్టే కాగితం మైక్రోస్కోపు, ఫోల్డ్‌స్కోపు, ఒకటి నా దగ్గర ఉంది. మొదటి కోతలన్నీ మందంగా వచ్చాయి, ఎవరికైనా అంతే. పలుచనిది పడ్డాక వెలుగు దాంట్లోంచి దాటింది. చాలాసేపు చూసింది. "తాతా, వేరుశనగకు ఇట్లాంటి గుంతలు లేవా? మరి అది ఎండకు ఎట్లా తట్టుకుంటుంది?" అని అడిగింది. లేవన్నాను. ఎండ ముదిరితే ఆకులు ముడుచుకుంటాయని, వేరు లోతుకు పోతుందని, ఆ వేరు మీదే బుడిపెల్లో నత్రజని పట్టే బాక్టీరియా ఉంటుందని చెప్పాను. బుడిపె కోసి చూద్దాం అంది. వేసవిలో చేలో వేరుశనగ ఉండదు. జూలైలో విత్తుతారు, ఆగస్టు చివర రమ్మన్నాను. బుడిపె లోపల ఎర్రగా ఉంటే అది పనిచేస్తున్నట్టు లెక్క అని కూడా చెప్పి పంపాను.